డంకన్ గారింట్లో చలిమంట

ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడే ఊళ్లో, ఒక పెద్దమనిషి ఇంటి హాల్లో చలిమంట వేసి, ఆయన్నీ, ఆయన్ని కన్నతల్లినీ, ఆయన తెల్ల సోఫాలనూ ఒకే రంగుకు తెచ్చిన ఘనుడెవరని మిమ్మల్ని ఎవరైనా అడిగితే, మొహమాటపడకుండా నా పేరు చెప్పండి. సింగపూర్‌కు వచ్చిన మనవాళ్లు చాలా సాధించారు. బ్యాంకులు నడిపారు, కంపెనీలు పెట్టారు, ఫ్లాట్లు కొన్నారు. చలిమంట మాత్రం నాది. దాన్ని ఇంకెవరి ఖాతాలోనైనా వేస్తే ఒప్పుకోను.

ఇందులో ఒక విశేషం ఉంది. ఆ ఇంటి గడప తొక్కేవరకు నేను చేయబోతున్న పని ఏమిటో నాకు తెలియదు. అగ్గిపుల్ల గీసేటప్పటికైనా తెలిసి ఉంటుందని మీరు అనుకోవచ్చు. మీది మంచి మనసు.

కంప్యూటర్ అనే మాట తడబడకుండా పలికినవాడికల్లా ఉద్యోగం దొరుకుతున్న కాలం అది. నేను నంద్యాలలో డిగ్రీ చదివాను, అమీర్‌పేటలో ఒక కోర్సు చేశాను, ఆ తర్వాత కళ్లు తెరిచేసరికి సింగపూర్‌లో ఉన్నాను. మధ్యలో ఏం జరిగిందో ఇప్పటికీ వరుసగా చెప్పలేను. నన్ను విమానం ఎక్కించిన కన్సల్టెన్సీ ఆయన మాత్రం గుర్తున్నాడు. పాస్‌పోర్టు చేతికిస్తూ ఆయన నా చెవిలో ఒక మంత్రం ఊదాడు. "అక్కడ ఏది అడిగినా చేశానని చెప్పు. అదేంటని మాత్రం అడగొద్దు. అడిగావంటే తెలీదని తెలిసిపోతుంది."

ఆ మంత్రాన్ని నేను నిష్ఠగా జపించాను. ఫలానా లాంగ్వేజ్ వచ్చా అంటే వచ్చు. ఫలానా డేటాబేస్ మీద పనిచేశావా అంటే చేశాను. అలా చెప్పి, సాయంత్రం ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకుని, మర్నాటికి నిజంగానే కాస్త నేర్చుకుని వెళ్లేవాణ్ణి. ఈ పద్ధతిలో బండి బాగానే నడుస్తోంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ప్రొబేషన్ ముగింపుకు వచ్చింది. నన్ను ఉంచాలో, వచ్చిన విమానంలోనే తిప్పి పంపాలో తేల్చవలసిన మనిషి డంకన్.

డంకన్ మా మేనేజరు. స్కాట్లాండ్ మనిషి. తలుపులో నుంచి వస్తుంటే తలుపే పక్కకు తప్పుకుందా అనిపించేంత భారీ విగ్రహం. ఆయన మాట్లాడేది ఇంగ్లీషేనని అందరూ అంటుంటే నేనూ నమ్మాను. మాటలో 'ర' వచ్చినప్పుడల్లా పాత ఆటో స్టార్ట్ చేస్తున్నట్టుండేది. ఆ మోతలో ముందు మాటా వెనక మాటా కొట్టుకుపోయేవి. మిగిలిన ముక్కలు ఏరుకుని నేను ఒక అర్థం కుట్టుకునేవాణ్ణి.

ఒకరోజు ప్యాంట్రీలో టీ కలుపుకుంటుంటే ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. దిగులుగా ఉన్నాడు. ఏదో చాలాసేపు చెప్పాడు. ఆటో మోతల మధ్య నాకు దొరికిన ముక్కలు ఇవి: గ్యాస్, కన్వర్ట్, బ్యాక్, సాలిడ్ ఫ్యూయెల్, ఓపెన్ ఫైర్. చివర్లో గొంతు పెంచి, ఇలాంటిది ఎప్పుడైనా చేశావా అన్నట్టు నా వైపు చూశాడు.

ఆ రోజుల్లో మా ఆఫీసులో నా పనే కన్వర్షన్. పాత సిస్టమ్‌లోని లెక్కల్ని కొత్త సిస్టమ్‌లోకి మార్చడం. కన్వర్ట్ అనే మాట చెవిన పడగానే ప్రాణం లేచొచ్చింది.

"చేశాను సార్. రెండు మూడు చేశాను."

డంకన్ కప్పు కింద పెట్టేశాడు. "రెండు మూడా? ఎక్కడ?"

"నంద్యాలలో సార్."

"అక్కడ అంత కోల్డ్ ఉంటుందా?"

నాకు 'కోడ్' అని వినిపించింది. "చాలా ఉంటుంది సార్. లక్షల లైన్లు."

లైన్లేమిటో ఆయనకు అర్థమైనట్టు లేదు. ఆయన ఆనందానికి అది అడ్డు కాలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, శనివారం తన ఇంటికి రమ్మన్నాడు. పాత బట్టలు వేసుకుని రమ్మన్నాడు. వెళుతూ వెళుతూ, "నువ్వు మా అమ్మ ప్రాణం కాపాడుతున్నావు" అన్నాడు. వాళ్లమ్మకూ కన్వర్షన్‌కూ సంబంధం ఏమిటో నాకు తట్టలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుందిగా.

నా పక్క సీటులో మే లింగ్ కూర్చునేది. ఇక్కడే పుట్టి పెరిగిన చైనీస్ అమ్మాయి, మా టీమ్ లీడర్. ఇక్కడివాళ్లందరిలా మాట చివర 'లా', 'అహ్' తగిలించేది. నేను కుర్చీలో కూర్చోగానే నా వైపు తిరిగింది.

"డంకన్ ఇంటి పని నువ్వు చేస్తున్నావంట? షూర్ క్యాన్ అహ్?"

"క్యాన్."

"నన్నూ అడిగాడు. క్యాన్‌నాట్ అని చెప్పాను."

"ఎందుకు?"

"నాకు రాదు కాబట్టి."

అలాంటి సమాధానం ఒకటుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. ఆమెకు సంగతి తెలుసన్నమాట. మెల్లగా కూపీ లాగుదామని చూశాను.

"పెద్దదా అది?"

"పెద్దదేం కాదు లా. కానీ లోపలంతా మురికి."

డేటా శుభ్రంగా లేదని అర్థం చేసుకున్నాను. "ఎప్పటిది?"

"బ్రిటిష్ వాళ్లు కట్టించింది."

బాగా పాత సిస్టమ్‌ను ఎగతాళిగా అలా అంటుందనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. "పైన ఏముందో ఎవరికీ తెలీదు. జాగ్రత్త" అని తన పనిలో పడింది.

సాయంత్రం క్లెమెంటిలో మా ఫ్లాట్‌కు చేరాను. ఫ్లాట్ అంటే అంతా కాదు, ఒక గది. ఆ గదిలో నాతోపాటు ఖాజా ఉండేవాడు. హైదరాబాద్ మలక్‌పేట వాడు, ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు, ఆఫీసులో నెట్‌వర్క్ పని. ప్రపంచంలో తనకు తెలియనిది ఉందని ఖాజా ఎన్నడూ ఒప్పుకోలేదు. కన్సల్టెన్సీ ఆయన మంత్రం వాడికి పుట్టుకతోనే వచ్చేసింది. డంకన్ మాటల్లో నాకు దొరికిన ముక్కలన్నీ వాడి ముందు పరిచాను.

"గ్యాస్ అంటే ఏందో తెల్వదా నీకు?" అన్నాడు మంచం మీద నుంచి లేవకుండానే.

"తెల్దప్పా. నీకు తెల్సా?"

"జనరల్ అకౌంటింగ్ సిస్టమ్. గింత తెల్వకుండ ఎట్ల ఒప్పుకున్నవ్ రా?"

"నిజంగా అట్లాంటిది ఒకటుందా?"

"పేరున్నదంటే ఉంటది."

"మరి సాలిడ్ ఫ్యూయెల్ అన్నాడే, అదేంటిది?"

"కొత్తగ వచ్చిందేమో. సాలిడ్ అంటే గట్టిగ ఉంటది. క్రాష్ గాదు."

"ఓపెన్ ఫైర్?"

ఖాజా లేచి కూర్చున్నాడు. "ఫైర్‌వాల్ ఓపెన్ జెయ్యాలె. గది నా పని బై. నీ ఒక్కనితోని గాదు. నేను గూడ వస్త."

"పాత బట్టలు ఏసుకోని రమ్మన్నాడు. దానికేం చెప్తావ్?"

"సర్వర్ స్టోర్ రూమ్‌ల పెట్టిండు. దుమ్ముంటది."

ప్రతి ముక్కా అంత చక్కగా అతుక్కునేసరికి నాకు నిశ్చింత కలిగింది. వాళ్లమ్మ సంగతి మాత్రం మిగిలింది. దానికీ ఖాజా జవాబు చెప్పాడు. "ఆమె అకౌంట్లు గూడ అండ్లనే ఉంటయ్."

శనివారం పొద్దున ఇద్దరం బస్సెక్కాం. ఖాజా చేతిలో జిప్పున్న పెద్ద నల్ల సంచి, దాని నిండా సీడీలు. లోకంలోని సాఫ్ట్‌వేర్‌లో సగం అందులో ఉందని వాడి నమ్మకం. నా చేతిలో అకౌంటింగ్ పుస్తకం. బస్సు దిగి, చెట్ల మధ్య మిట్ట ఎక్కి, చెమటతో తడిసి ముద్దయి డంకన్ ఇంటి ముందు నిలబడ్డాం. దొరలు ఉన్న కాలంలో కట్టిన బంగళా. తెల్ల గోడలు, నల్ల చెక్క చట్రాలు, చుట్టూ వరండా. ఒక్క మనిషికి అంత ఇల్లేమిటని ఖాజా గొణిగాడు.

డంకన్ నిక్కరు వేసుకుని తలుపు తీశాడు. లోపలి గాలి తగలగానే నా ఒంటి మీది చెమట మంచుగడ్డయింది. ఆయనకు ఎండ పడదు. ఇల్లంతా ఏసీలు పెట్టించి, వాటిని ఎంతకు తిప్పవచ్చో అంతకు తిప్పి వదిలాడు. ఆ హాల్లో చేపలు పెడితే నెల్లాళ్లు తాజాగా ఉంటాయి.

చేపలకు బదులు ఒక ముసలామె ఉంది. స్వెటరు, దాని మీద శాలువా, కాళ్లకు ఉన్ని మేజోళ్లు, ఒళ్లో దుప్పటి. ఆవిడే డంకన్ వాళ్లమ్మ, పేరు జీన్. స్కాట్లాండ్ నుంచి వచ్చి కొన్ని వారాలయిందట.

"నమస్తే ఆంటీ" అన్నాను.

"నేను ఇతని ఆంటీనా?" అని ఆవిడ కొడుకుని అడిగింది.

"అది వాళ్ల మర్యాదమ్మా. నేను చెప్పానే, నిప్పు నిపుణుడని, ఇతనే."

నిప్పు నిపుణుడేమిటో నాకు అర్థం కాలేదు. ఖాజా నా చెవిలో, "ఫైర్‌వాల్. నా గురించి చెప్తుండు" అని ముందుకెళ్లి ఆవిడకు చెయ్యి అందించాడు.

"సిస్టమ్ ఎక్కడుంది సార్?" అని అడిగాను.

"ఇదిగో" అని డంకన్ గోడ వైపు చెయ్యి చూపించాడు.

గోడలో ఒక గూడు ఉంది. చుట్టూ పాలరాయి. సినిమాల్లో దొరల ఇళ్లలో మంట మండే గూడు, ఫైర్‌ప్లేస్ అంటారే, అది. లోపల దుంగల్లాంటివి పేర్చి ఉన్నాయి. పక్కన ఒక గ్యాసు కొళాయి. నేను వంగి గూట్లోకి చూశాను. సర్వర్ కనిపించలేదు. ఖాజా కూడా వంగి, పక్క గోడ మీద తట్టి, "వైరు ఎక్కడి నుంచి లాగిన్రు?" అని నన్నే అడిగాడు. నేను పుస్తకం నేల మీద పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాను. ఒక దుంగను పట్టుకుని లాగితే ఊడి చేతికొచ్చింది. అది చెక్క కాదు, పింగాణీ.

అప్పుడు నా బుర్రలో ముక్కలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి సరైన చోట కూర్చున్నాయి. గ్యాస్ అంటే గ్యాసే. ఫైర్ అంటే నిప్పే. కన్వర్ట్ బ్యాక్ అంటే, ఈ గ్యాసు మంటను పీకేసి మళ్లీ పాతకాలంలా కట్టెలూ బొగ్గులూ కాల్చే మంటగా మార్చడం. నంద్యాలలో నేను రెండు మూడు చేసింది ఇదన్నమాట.

డంకన్ వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు. "మా అమ్మ వచ్చిన రోజు నుంచీ చలి చలి అంటోంది. ఈ గ్యాసు మంట ఒక మూలకు కూడా చాలదు. గ్యాసు మనిషి నిన్ననే వచ్చి పైపు మూసేసి వెళ్లాడు. కట్టెల పని మాత్రం తనకు తెలియదన్నాడు. ఊరంతా అడిగాను. ఎవరికీ రాదు. దేవుడు నిన్ను పంపాడు."

సింగపూర్‌లో చలిమంట వేసేవాడి కోసం ఊరంతా వెతికిన మనిషి ముందు, ఉద్యోగం ఖాయం కావలసిన వారంలో, దేవుడు నన్ను కూర్చోబెట్టాడు. నిజం చెప్పేయడానికి అది మంచి సమయం. నోరు తెరిచాను కూడా. అంతలో ముసలావిడ దుప్పటి సర్దుకుంటూ, "బాబూ, చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే నాన్న నిప్పు రాజేసేవాడు. ఆ చిటపటలు వింటూ నిద్ర లేచేదాన్ని. ఇన్నేళ్లకు మళ్లీ వింటాను" అంది. తెరిచిన నోరు అలాగే మూసేశాను.

"ఏమాయె?" అన్నాడు ఖాజా గొంతు తగ్గించి.

"ఇది సాఫ్ట్‌వేర్ కాదప్పా. పొయ్యి."

"పొయ్యా?" ఖాజా కాసేపు గూటిని చూశాడు. వాడి ముఖంలో కంగారు వస్తుందని ఎదురు చూశాను. రాలేదు. "పొయ్యి అయితే ఇంక మంచిది. మా చాచా పెళ్లిళ్లకు బిర్యానీ వండుతడు. కట్టెల మీద. నిప్పు సంగతి మా ఖాందాన్‌ల అందరికీ ఎర్కే."

"నువ్వు ఎప్పుడన్నా రాజేసినావా?"

"తిన్న."

ఆ అనుభవాన్ని పెట్టుబడిగా పెట్టి పని మొదలుపెట్టాం. పింగాణీ దుంగలన్నీ తీసి వరండాలో పేర్చాం. కింద పోసిన ఇసుక ఎత్తాం. లోపలున్న ఇనుప పళ్లెం ఊడదీశాం. ఖాజా ప్రతి వస్తువునూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి తల ఆడించేవాడు. అది చూసి డంకన్‌కు మా మీద గౌరవం పెరుగుతోందని నాకు స్పష్టంగా తెలుస్తోంది. ఆయన కొత్తగా కొనితెచ్చిన ఇనుప జాలీని గూట్లో పెట్టాం. కట్టెలు, బొగ్గు దాని మీద పేర్చాలట.

డంకన్ నా పక్కన గొంతుక్కూర్చుని, "ఫ్లూ చూశావా?" అన్నాడు.

నా ఆరోగ్యం గురించి అంత ఆదరంగా అడిగినందుకు మనసు కరిగింది. "నాకేం లేదు సార్. బాగానే ఉన్నాను."

"నీకు కాదు. దీనికి."

గూటి వైపు చూశాను. ఖాజా వెంటనే పాలరాతి మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. "చల్లగనే ఉన్నది" అని తెలుగులో నాతో చెప్పాడు. నేను ఇంగ్లీషులోకి మార్చి, "నార్మల్ సార్" అన్నాను. పొగ పైకి వెళ్లే దారిని వాళ్లు ఫ్లూ అంటారని నాకు తెలిసింది తర్వాతే. అప్పటికి ఆ సమాచారంతో ఉపయోగం లేకపోయింది.

"అయితే బాగా డ్రా చేస్తుందంటావా?"

పొగను పైకి లాగుతుందా అని ఆయన ఉద్దేశం. బొమ్మ గీయమంటున్నాడనుకుని నేను జేబులో పెన్ను తీసి, పుస్తకం వెనక అట్ట మీద గూటి బొమ్మ గీసి చూపించాను. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. బొమ్మలో పొగగొట్టం లేదు, నాకు గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడంలో ఎంత వాస్తవం ఉందో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

సూపర్‌మార్కెట్ నుంచి తెచ్చిన బొగ్గు సంచి ఒకటుంది. కట్టెలకోసం డంకన్ తోటలో రాలిన కొమ్మలు ఏరి పెట్టాడు. ముందు రోజు వాన పడింది. కొమ్మలు పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి.

"తడిగా ఉన్నాయేమో కదప్పా" అన్నాను.

"తడి ఉంటే మెల్లగ కాలుతయ్. ఎక్కువసేపు వస్తయ్" అన్నాడు ఖాజా.

జాలీ మీద పేపర్లు ఉండ చుట్టి పెట్టాం, మీద బొగ్గు పోశాం, ఆ మీద కొమ్మలు. ముసలావిడ కుర్చీని ముందుకు లాక్కుంది. డంకన్ కెమెరా తెచ్చాడు. నేను అగ్గిపుల్ల గీశాను.

పేపర్లు భగ్గుమన్నాయి. పసుపు పచ్చటి మంట పైకి లేచి పాలరాతి మీద వెలుగు ఆడింది. రెండు కొమ్మలు చిటపటమన్నాయి. ముసలావిడ చేతులు చాచి కళ్లు మూసుకుంది. డంకన్ ఫోటో తీశాడు. ఆ ఫోటోలో నేనూ ఖాజా మంటకు చెరో పక్కన నిలబడి, సాధించినవాళ్ల చిరునవ్వు నవ్వుతూ ఉంటాం. మా వెనక, గూటి పై అంచు దగ్గర, బూడిద రంగు చారిక ఒకటి మెల్లగా తొంగి చూస్తుంటుంది.

ఆ చారిక బయటికొచ్చింది. దాని వెనక దాని బంధువర్గమంతా వచ్చింది. పొగ పైకి వెళ్లాలని నాకు అస్పష్టంగా తెలుసు. ఈ పొగ గూట్లో పైకి వెళ్లి, అక్కడ ఏదో తలకు తగిలినట్టు ఆగి, తిరిగి కిందికొచ్చి, మా నలుగురి ముఖాల్లోకి చూసి, హాల్లోకి నడిచింది.

"మొదట్లో ఇలాగే ఉంటుందా?" అన్నాడు డంకన్.

"ఉంటుంది సార్" అన్నాను.

"నంద్యాలలో కూడా?"

"అక్కడా ఇంతే సార్."

ఖాజా సీడీల సంచితో విసరడం మొదలుపెట్టాడు. గాలి తగలగానే తడి కొమ్మలు పూనకం వచ్చినట్టు పొగ కక్కాయి. ఏసీలు ఊరుకోలేదు. ఆ పొగను చల్లబరిచి ఇంట్లో ఏ మూలనూ వదలకుండా తిప్పాయి. పొగకు కళ్లు మండడం తెలుసు. పళ్లు జిల్లుమనే పొగను నేను అక్కడే చూశాను. కుర్చీలో ముసలావిడ కనిపించడం మానేసింది. దగ్గు మాత్రం వినిపిస్తోంది.

"ఆపు ఖాజా" అన్నాను.

"ఆపితే ఆరిపోతది."

"ఆరిపోవాలప్పా."

"అరే, గది ముందే జెప్పాలె గదా."

డంకన్ తల్లిని కుర్చీతో సహా ఎత్తుకుని వరండాలోకి పరిగెత్తాడు. అంత పెద్ద శరీరం అంత వేగంగా కదలడం ఆశ్చర్యమే. నేను వంటింట్లోకి పోయి బకెట్ నిండా నీళ్లు తెచ్చి గూట్లో గుమ్మరించాను. మంట చచ్చింది. దాని అంత్యక్రియల్లో భాగంగా మసి, బొగ్గు, బూడిద కలిసిన నల్లటి కాలువ ఒకటి గూటి నుంచి బయలుదేరి, పాలరాయి దాటి, లేత గోధుమ రంగు తివాచీ మీదుగా సోఫా కాళ్ల దాకా ప్రయాణించింది. ఖాజా దాన్ని ఆపడానికి అందిన తెల్ల దిండు ఒకటి అడ్డం వేశాడు.

పచ్చిక మీద నిలబడి దగ్గులు తగ్గించుకున్నాక, డంకన్ తలెత్తి ఇంటి పైకప్పు వంక చూశాడు. చాలాసేపు చూశాడు. ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చాడు. మళ్లీ పైకి చూశాడు.

"పొగగొట్టం ఎక్కడ?" అన్నాడు.

నలుగురం చూశాం. ఎర్ర పెంకులు ఉన్నాయి. టీవీ యాంటెన్నా ఉంది. దాని మీద ఒక మైనా ఉంది. పొగగొట్టం లేదు. ఊడిపోయిన గుర్తు లేదు, ఉన్న గుర్తూ లేదు. ఎప్పుడో ఆ ఇల్లు కట్టించుకున్న దొర, తన ఊరి మీద బెంగతో, చూసుకోవడానికి ఒక గూడు కట్టించుకున్నాడు. ఈ ఎండల్లో మంట వేసేంత పిచ్చివాడు ఎవడూ రాడని పైకి దారి పెట్టించలేదు. తర్వాత ఎవరో అందులో చిన్న గ్యాసు మంట అమర్చారు. దానికి పొగ రాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మళ్లీ కట్టెలకు మార్చమని డంకన్ అడిగాడే, అసలు అది ఎన్నడూ కట్టెలు ఎరగదు.

"లేని గొట్టానికి ఫ్లూ ఎట్ల వస్తది? నేను జెప్పలే, నార్మల్ అని" అన్నాడు ఖాజా నాతో.

డంకన్ లోపలికి వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేశాడు. ఏసీలన్నీ మూలుగుతూ ఆగిపోయాయి. మేము కిటికీలన్నీ తెరిచాం. ఆ కిటికీలు తెరుచుకుంటాయని ఆయనకు అప్పటిదాకా తెలియదట. తోట వైపు నుంచి వెచ్చటి గాలి ఇంట్లోకి జొరబడి, పొగను అవతలి వైపు నుంచి సాగనంపింది.

అందరం వరండాలో కూర్చున్నాం. డంకన్ ముఖం మసి పట్టి, కళ్ల చుట్టూ మాత్రం తెల్లగా ఉంది. నా మనసు అప్పటికే చాంగి విమానాశ్రయంలో సామాను తూకం వేయించుకుంటోంది.

ముసలావిడ దుప్పటి తీసి పక్కన పెట్టింది. కాసేపటికి శాలువా తీసింది. స్వెటరు గుండీలు విప్పింది. మేజోళ్లు లాగి పారేసి, కాళ్లు చాచుకుని, గాలికి ముఖం పెట్టింది.

"డంకన్, ఇప్పుడు హాయిగా ఉంది" అంది. "వచ్చిన దగ్గర్నుంచీ ఇంత వెచ్చగా ఎప్పుడూ లేదు."

"మంట ఆరిపోయిందమ్మా."

"తెలుసు."

డంకన్ నా వైపు చూశాడు. నేను ఏదో చెప్పాలన్నట్టు ఉంది ఆ చూపు. నిజంగానే నాకొక అనుమానం పొద్దున ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పటి నుంచీ ఉంది. అడిగితే తెలియదని తెలిసిపోతుందని ఆపుకున్నాను. ఇంక కొత్తగా తెలియడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి అడిగేశాను.

"సార్, అమ్మగారికి చలేస్తుంటే ఏసీ ఎందుకు ఆపలేదు సార్?"

ఖాజా నా తొడ గిల్లాడు. డంకన్ తలుపులో నుంచి ఆగిపోయిన ఏసీ వంక చూశాడు. ముసలావిడ నన్ను చూసి, కొడుకుని చూసి, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్లీ నవ్వయింది. "నేను చలేస్తోందని చెప్పాను. మంట కావాలని అన్నది వీడు. ఇంత చదివించాను వీణ్ణి" అని కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్న చేతికి మసి ఉండటంతో ఆవిడా మా రంగులో కలిసిపోయింది.

మిగిలిన పగలంతా నేనూ ఖాజా తివాచీ ఉతికాం. పోలేదు. మర్యాదకు ఉతికాం.

సోమవారం డంకన్ నన్ను తన గదికి పిలిచాడు. మే లింగ్ నన్ను అదోలా చూసి, "నేను జాగ్రత్త అన్నాను కదా లా" అంది. తలస్నానాలు ఎన్ని చేసినా నాకు పొగ వాసన పోలేదు. ఆయన దగ్గర కూడా వస్తోంది. ఆ గదిలో ఇద్దరం రెండు కాల్చిన వంకాయల్లా ఎదురెదురుగా కూర్చున్నాం.

"ఆ ఇంట్లో ఎంతమంది ఉండి వెళ్లారో నాకు తెలియదు" అన్నాడు డంకన్. ఈసారి ఆయన మాటలో ప్రతి అక్షరం నాకు అర్థమైంది. భయం అన్ని భాషల్నీ నేర్పిస్తుంది. "అందులో ఇంజినీర్లు కూడా ఉండి ఉంటారు. దానికి పొగగొట్టం లేదని ఒక్కరూ కనిపెట్టలేదు. నువ్వు ఒక పూటలో కనిపెట్టావు."

"థాంక్యూ సార్."

"మెచ్చుకోవడం లేదు."

"సారీ సార్."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "మా అమ్మ నిన్ను పంపేయవద్దంది. అందుకని ఆలోచించాను. నిన్ను కన్వర్షన్ పని నుంచి తీసేస్తున్నాను. ఉద్యోగం ఖాయమే. ఇవాళ్టి నుంచి టెస్టింగ్ టీమ్‌లో ఉంటావు. ఏ సిస్టమైనా సరే, నీ చేతికిస్తే అందులో లేనిదేమిటో తప్పకుండా బయటపడుతుందని నాకు నమ్మకం కలిగింది." నా వైపు తిరిగి, అలవాటు కొద్దీ అడిగాడు. "టెస్టింగ్ ఇంతకు ముందు ఎప్పుడైనా చేశావా?"

నేను గొంతు సవరించుకున్నాను.

"శనివారం చేశాను సార్."

ఇందుమూలంగా చదువరులందరికీ తెలియజేయడమేమనగా, నంద్యాల వాస్తవ్యుడనైన నేను, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, పొగ తగలని ప్రదేశంలో నిలబడి ఈ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరింట్లోనైనా ఎవరికైనా చలేస్తోందని అంటే ముందు ఏసీ రిమోట్ ఎక్కడుందో అడుగుతాను. అది దొరకకపోతే దుప్పటి ఇస్తాను. దుప్పటి లేకపోతే సానుభూతి చూపిస్తాను. అగ్గిపెట్టె మాత్రం, ఆ అడిగినవారు కన్నతల్లి అయినా సరే, చేతికివ్వను.